వృద్ధాశ్రమాలలో వ్యాపకం: కొంత చరిత్ర

పదవీ విరమణ చేసిన మనిషి ఎదురుపడగానే ఎవరైనా వేసే మొదటి ప్రశ్న "ఇప్పుడు కాలక్షేపం ఎలా అవుతోందండీ?" అన్నది. ఇంట్లో ఉన్నవారికి దీనికి ఏదో ఒక సమాధానం దొరుకుతుంది. ఉదయం పాల ప్యాకెట్టు, మనుమల బడి, బ్యాంకు పని, సాయంత్రం పార్కు, అప్పుడప్పుడూ సంఘం సమావేశం. కాని శరీరం సహకరించకనో, పిల్లలు దూరదేశాలలో ఉండటం వల్లనో, తోడు పోయినందువల్లనో ఆశ్రమంలో చేరిన వారి సంగతి వేరు. అక్కడ అన్నం వేళకు వస్తుంది, మందు వేళకు వస్తుంది. మిగిలిన గంటలు ఎలా గడుస్తాయన్నదే ప్రశ్న. మనలో ఎవరికైనా, మన ఇళ్ళలో ఎవరికైనా రేపు ఇదే ప్రశ్న ఎదురుకావచ్చు గనుక దీని చరిత్ర కొంత తెలుసుకోవడం మంచిది.

ముందుగా ఒక మాట. మన ప్రాంతంలో నర్సింగ్ హోమ్ అంటే డాక్టరుగారు నడిపే ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. స్వయంగా పనులు చేసుకోలేని వృద్ధులు నెలలు, సంవత్సరాల తరబడి, చాలామంది చివరి వరకు, నివసించే సంరక్షణ గృహం అది. ఈ వ్యాసంలో సంరక్షణ గృహం అన్నప్పుడల్లా ఈ రెండో అర్థమే గ్రహించాలి.

ఇంగ్లండులో 1834లో వచ్చిన పేదల చట్టం తరువాత దిక్కులేని వృద్ధులకు తరచు మిగిలిన చోటు వర్క్‌హౌస్. అక్కడ తిండి, పడక దొరికేవి. కాని ఆడవారిని, మగవారిని వేరువేరుగా ఉంచేవారు. ఏళ్ళ తరబడి కాపురం చేసిన దంపతులను సైతం విడదీసేవారు. అరవై ఏళ్ళు దాటిన దంపతులను బలవంతంగా విడదీయరాదన్న నిబంధన 1847లో గాని రాలేదు. ఒంట్లో సత్తువ ఉన్నవారిచేత పాత ఓడతాళ్ళను పీచుగా విడదీయించడం వంటి పనులు చేయించేవారు. సత్తువ లేనివారికి ఏ పనీ లేదు. గోడ వైపు చూస్తూ కూర్చోవడమే.

ఈ ఖాళీ కూర్చోవడం కూడా ఒక బాధేనని గుర్తించి, దానికి ఉపాయం చేసిన తొలితరం వారిలో లేడీ బ్రాబజాన్ ఒకరు. 1882లో ఆమె ఒక పథకం ప్రారంభించారు. కష్టమైన పని చేయలేని వర్క్‌హౌస్ వాసులకు అల్లిక, కుట్టుపూలు, లేసు వంటి పనులు నేర్పించడం, తయారైన వస్తువులను అమ్మి ఆ సొమ్ముతో మళ్ళీ దారం, గుడ్డ కొనడం ఆ పథకం సారాంశం. తొలి పెట్టుబడి ఆమే ఇచ్చారు. ఇందులో గమనించవలసింది ఒకటుంది. ఆ వృద్ధులు అల్లినది ఎవరో డబ్బిచ్చి కొనుక్కునేవారు. అంటే వారి చేతిపనికి బయట విలువ ఉండేది. వట్టి పొద్దుపుచ్చడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో, ముఖ్యంగా 1965లో అమెరికా ప్రభుత్వం మెడికేర్, మెడికెయిడ్ పథకాలను తెచ్చిన తరువాత, అక్కడ సంరక్షణ గృహాలు బాగా పెరిగాయి. వాటి నడకకు చాలావరకు ఆసుపత్రే నమూనా. వార్డు, నర్సు, వేళకు మందు. వినోదం కోసం ఎవరో వచ్చి పాట పాడించడం, బింగో ఆడించడం. ఈ ధోరణిని ప్రశ్నించినవారు వైద్యులలోనూ, మనస్తత్వ శాస్త్రజ్ఞులలోనూ ఉన్నారు.

వారిలో డాక్టర్ రాబర్ట్ బట్లర్ ఒకరు. పెద్దవారు పాత సంగతులే మళ్ళీ మళ్ళీ చెబుతుంటే, అది బుద్ధి మందగించడానికి లక్షణమని ఆ రోజుల్లో చాలామంది వైద్యులు భావించేవారు. మన ఇళ్ళలో దీనినే చాదస్తం అంటారు. అది చాదస్తం కాదని, జీవితాన్ని వెనుదిరిగి చూసుకొని లెక్క సరిచూసుకోవడం ఆ వయసుకు సహజమైన పని అని బట్లర్ 1963లో ఒక వ్యాసంలో వివరించారు. పెద్దలను కూర్చోబెట్టి వారి జ్ఞాపకాలు చెప్పించుకోవడం సంరక్షణ గృహాలలో ఒక పద్ధతిగా స్థిరపడటానికి ఆ వ్యాసం పునాది వేసింది. వృద్ధుల దుస్థితిపై ఆయన రాసిన పుస్తకానికి 1976లో పులిట్జర్ బహుమతి లభించింది.

అదే 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగ ఫలితాలను ప్రకటించారు. కనెక్టికట్ రాష్ట్రంలోని ఆర్డెన్ హౌస్ అనే సంరక్షణ గృహంలో రెండు అంతస్తులలోని 91 మందిపై ఆ ప్రయోగం జరిగింది. ఒక అంతస్తు వారితో నిర్వాహకుడు ఇలా చెప్పాడు: మీ గది ఎలా సర్దుకోవాలో మీరే నిర్ణయించుకోండి, ఇబ్బందులుంటే మీరే చెప్పండి, ఇష్టమైన మొక్కను ఎంచుకొని మీరే పెంచుకోండి, సినిమా గురువారం చూస్తారో శుక్రవారం చూస్తారో మీ ఇష్టం. రెండో అంతస్తు వారికీ మొక్క ఇచ్చారు, కాని నీళ్ళు నర్సులే పోస్తారన్నారు. సినిమా రోజును కూడా వారికి నిర్వాహకులే కేటాయించారు. మిమ్మల్ని సంతోషంగా ఉంచే బాధ్యత మాదేనని చెప్పారు.

వినడానికి రెండో మాటే మర్యాదగా ఉంది. ఫలితం మాత్రం తలక్రిందులైంది. మూడు వారాల తరువాత చూస్తే, మొదటి వర్గంలో 93 శాతం మంది పరిస్థితి మెరుగుపడినట్లు తేలింది. రెండో వర్గంలో 71 శాతం మంది మరింత నీరసించారు. పద్దెనిమిది నెలల తరువాత మళ్ళీ లెక్క చూశారు. మొదటి వర్గంలో 47 మందిలో 7గురు, రెండో వర్గంలో 44 మందిలో 13 మంది కన్నుమూశారు. అయితే ఈ మరణాల తేడా మొదట చెప్పినంత గట్టి రుజువు కాదని 1978లో సవరణ ప్రకటించారు. ఒక్క మొక్క ఆయుష్షు పెంచుతుందని మనం అనుకోనవసరం లేదు. తన చేతిలో కొంత నిర్ణయం, కొంత బాధ్యత ఉన్న మనిషి చురుకుగా, ఉల్లాసంగా ఉంటాడన్నది ఇందులోని సారం.

ఆ కాలంలోనే రిచర్డ్ షుల్జ్ అనే పరిశోధకుడు మరొక ప్రయోగం చేశారు. వృద్ధుల నివాసానికి కాలేజీ విద్యార్థులను పంపి పెద్దలతో మాట్లాడించారు. విద్యార్థి ఎప్పుడు రావాలో, ఎంతసేపు ఉండాలో కొందరు పెద్దలే నిర్ణయించారు. మరికొందరికి రాక సంగతి ముందుగా తెలిసేది. ఈ రెండు వర్గాల వారూ, చెప్పకుండా వచ్చిన వారిని కలిసిన పెద్దలకన్నా, ఎవరూ రాని వారికన్నా ఉత్సాహంగా కనిపించారు. కాని అధ్యయనం ముగిసింది, విద్యార్థులు రావడం మానేశారు. తరువాతి సంవత్సరాలలో విచారిస్తే, ఏ రెండు వర్గాలు బాగా పుంజుకున్నాయో అవే దిగజారినట్లు 1978లో వెల్లడైంది. పండ్లు, దుప్పట్లు పట్టుకొని ఏడాదికి ఒకసారి ఆశ్రమానికి వెళ్ళి ఫోటో దిగి వచ్చే మన సంఘాలవారు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. ఆశ కల్పించి మానేయడంకన్నా, కొద్దిగానైనా క్రమం తప్పకుండా వెళ్ళడమే మేలు.

ఇక శరీర వ్యాయామం సంగతి. తొంభై ఏళ్ళవారికి వ్యాయామమా అని నవ్వేవారికి 1990లో బోస్టన్ నుండి సమాధానం వచ్చింది. డాక్టర్ మరియా ఫియాతరోన్ బృందం ఒక సంరక్షణ గృహంలోని పదిమంది వృద్ధులతో, వైద్యుల పర్యవేక్షణలో, ఎనిమిది వారాలపాటు కాళ్ళతో బరువులు ఎత్తే వ్యాయామం చేయించింది. వారి సగటు వయసు 90 ఏళ్ళు. పూర్తి చేసిన తొమ్మిదిమందిలో కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేసి నడిచారు. 1994లో వందమందితో చేసిన పెద్ద అధ్యయనం కూడా ఈ విషయాన్ని బలపరచింది.

1991లో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ బెర్లిన్ అనే చిన్న ఊరిలో డాక్టర్ బిల్ థామస్ మరో అడుగు ముందుకు వేశారు. ఛేజ్ మెమోరియల్ అనే గృహంలో సుమారు 80 మంది ఉండేవారు. వారిని పీడిస్తున్నవి ఒంటరితనం, విసుగు, నిస్సహాయత అనే మూడు జబ్బులని ఆయన తేల్చారు. మందులు రాయడానికి బదులు రెండు కుక్కలను, నాలుగు పిల్లులను, వంద పక్షులను తెచ్చారు. పచ్చిక తీసి కూరగాయలు, పూలమొక్కలు వేయించారు. సిబ్బంది పిల్లలు బడి వదలగానే అక్కడికి వచ్చే ఏర్పాటు చేశారు. నడవలేరనుకున్నవారు కుక్కను తిప్పుకొస్తామని ముందుకు వచ్చారట. మరో గృహంతో పోల్చి చూస్తే అక్కడ ఒక్కొక్కరు వాడే మందులు సగానికి తగ్గాయని భారత సంతతికి చెందిన డాక్టర్ అతుల్ గవాండే 2014లో తన పుస్తకంలో రాశారు.

ఈలోగా చట్టం కూడా కదిలింది. 1987లో అమెరికా చేసిన సంరక్షణ గృహాల సంస్కరణ చట్టం, అక్కడ ఉండే ప్రతి ఒక్కరి అభిరుచికి తగిన వ్యాపకాలు కల్పించాలని, అందుకు అర్హత గల వ్యక్తి బాధ్యుడుగా ఉండాలని ఆదేశించింది. ఆ వాసులు సంఘంగా ఏర్పడే హక్కును కూడా గుర్తించింది.

మన దేశంలో 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. అందులోని 19వ సెక్షను, దిక్కులేని వృద్ధులకు జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి సరిపడే ఆశ్రమాల గురించి చెబుతుంది. ఆ ఆశ్రమాలలో వైద్య సదుపాయంతోపాటు వినోద సాధనాలు కూడా ఉండాలని ప్రస్తావించింది. ఆ మాట ఉన్నందుకు సంతోషమే. కాని వినోద సాధనం అంటే హాలులో ఒక టీవీ పెట్టి చేతులు దులుపుకోవడానికి వీలుంటుంది. పైన చెప్పుకొన్న చరిత్ర నేర్పే పాఠం అంతకంటే పెద్దది.

కనుక ఆశ్రమం చూడటానికి వెళ్ళిన కుటుంబసభ్యులు గదులు, భోజనం, డాక్టరు గురించి విచారించాక మరికొన్ని అడగాలి. ఇక్కడ ఉండేవారు స్వయంగా చేసే పనులు ఏమిటి? తులసికోటకు నీళ్ళు పోసేదెవరు? కూర తరగడానికి, వత్తులు చేయడానికి, పూలదండ కట్టడానికి ఇష్టపడేవారిని రానిస్తారా? పత్రిక చదివి వినిపించడానికి, లెక్కలు చూడటానికి, వంటవారి పిల్లలకు పాఠం చెప్పడానికి అవకాశం ఉందా? రేపటి కూర ఏమిటో ఎవరు నిర్ణయిస్తారు? మంచం కిటికీ పక్కకు జరుపుకోవచ్చా? ఈ ప్రశ్నలకు వచ్చే సమాధానాన్ని బట్టి అది ఎటువంటి చోటో చాలావరకు తెలిసిపోతుంది.

ఇంట్లో ఉన్న పెద్దల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. "మీరెందుకు శ్రమపడతారు నాన్నగారూ, కూర్చోండి, మేం చూసుకుంటాం" అనే మాట ప్రేమతో వచ్చేదే. అయినా ఆ మాటతో ఆయన చేతిలోని కరెంటు బిల్లు, మార్కెట్టు సంచి, ఇంటి తాళం ఒక్కొక్కటే జారిపోతాయి. చేయగలిగినంత కాలం వాటిలో ఒకటైనా వారి చేతిలో ఉండనివ్వడం పిల్లలు చేయగల మంచి సేవ. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి బ్రతికే ఉన్నామని పింఛను కార్యాలయానికి మనం రుజువు చేస్తూనే ఉన్నాం. మనకు మనం రుజువు చేసుకోవడానికి రోజూ ఏదో ఒక పని ఉండాలి.