నూనెపై తేలు లోహము

మన కళాశాలల రసాయనశాలలలో చదివినవారందఱును సోడియము నెఱుగుదురు. కిరసనాయిలు సీసా అడుగున మునిగియుండు ఆ మెత్తని లోహపు తునకను ఉపాధ్యాయుడు పట్టుకారుతో పైకి తీసి, వడపోత కాగితముపై నద్ది, చాకుతో గోరంత ముక్క కోసి నీటిలో విడువగా, అది చిటపటలాడుచు నీటిపై పరుగులిడుట చూచి విస్మయపడని విద్యార్థి యుండడు. దాని తోబుట్టువైన లిథియమును అదే సీసాలో నుంచబూనినచో కిరసనాయిలు దానిని దాచలేదు. ఏలయన ఘన సెంటీమీటరునకు 0.53 గ్రాములు మాత్రమే తూగు ఆ లోహము నూనెపై బెండువలె తేలి, వీపును గాలికి అప్పగించి, చూచుచుండగనే నల్లబడును. అందుచే దానికి వాజలీను దట్టముగా పట్టించి, గాలి చొరని సీసాలలో భద్రపఱచు ఆచారము ప్రయోగశాలలలో నేర్పడినది. నేడు మన జేబులలో మెలగు బ్యాటరీ చరిత్రను నేను ఈ సీసానుండియే ప్రారంభింపదలచితిని. లిథియముతో విద్యుద్ఘటమును నిర్మించిన కథ, నిదానించి చూడగా, లిథియమును దాచుట నేర్చుకొనిన కథయే యని నా విశ్వాసము.

1817లో స్టాక్‌హోంలో బెర్జీలియస్ ప్రయోగశాలయందు పనిచేయుచుండిన ఆర్ఫ్‌వెడ్సన్ అను యువకుడు, ఊటో ద్వీపపు గనినుండి వచ్చిన పెటలైటు శిలలో ఈ మూలకపు జాడ గాంచెను. రాతినుండి దొరకినది గనుక, రాయి యను అర్థముగల గ్రీకు పదమునుండి దానికి పేరు కలిగినది. 1855లో బున్సెను, మాథిసెనులు కరగిన లిథియము క్లోరైడు గుండ విద్యుత్తును ప్రసరింపజేసి, ఆ లోహమును పరీక్షకు చాలినంత సంపాదించిరి. 1913లో లూయిస్, కీస్ అను అమెరికనులు దాని విద్యుత్ పొటెన్షియలును కొలిచి, ఘటనిర్మాణమునకు ఇంతకు మించిన లోహము లేదని లోకమునకు తెలియునట్లు చేసిరి. కాని నీరు తగిలిన హైడ్రోజనును వెడలించు లోహమును ఏ ద్రవములో ముంచుట? 1958లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమున హారిస్ అను పరిశోధకుడు తన సిద్ధాంతవ్యాసమునందు ప్రొపిలీను కార్బొనేటు వంటి సేంద్రియ ద్రవములలో లిథియము చెడక నిలుచునని చూపువఱకు ఈ ప్రశ్న చిక్కుముడిగనే యుండెను.

ద్రవము దొరకినను, గాలి బెడద తీరలేదు. మంటను కూడ ఆర్పునంత జడమైన నత్రజని సయితము, సాధారణోష్ణమునందే, లిథియమునకు జడము కాదు. తేమ లేశమున్న చాలును, రెండును కలసి నైట్రైడగును. అందువలన నత్రజనిని వీడి, దేనితోను కలియని ఆర్గానును నింపిన గాజుముఖపు పెట్టెలలో, రబ్బరు తొడుగులలోనికి చేతులు జొనిపి పనిచేయు పద్ధతి స్థిరపడినది. ఆ పెట్టెలలో తేమయు, ఆమ్లజనియు పదిలక్షల పాళ్లలో ఒక పాలునకు మించకుండ అహోరాత్రములు కాచుకొందురు. తులసికోటకు ప్రదక్షిణ చేయు ఇల్లాలి నియమమువంటి నియమమది. ఒక పూట తప్పినను లోహము మొగము నల్లబడి తప్పును చాటును.

1970 తరువాత అమెరికాలో ఎక్సాన్ సంస్థ ప్రయోగశాలయందు స్టాన్లీ విటింగ్‌హాం టైటానియము డైసల్ఫైడు ధనధ్రువముగను, లిథియము లోహము ఋణధ్రువముగను గల ఘటమును నిర్మించెను. మరల మరల చార్జి చేయుకొలది లోహము సమముగా పేరక, చెట్టు కొమ్మలవలె సన్నని మొలకలెత్తి, అవి ఎదుటి ధ్రువమును తాకినంతనే షార్టు సర్క్యూటు కలిగి మంటలు లేచుచుండెను. అగ్నిమాపకదళమువారు పలుమాఱులు వచ్చి ఆర్పి, తుదకు అట్టి మంటల నార్పుటకు వాడిన ప్రత్యేక రసాయనముల వెలను ప్రయోగశాలయే చెల్లింపవలసివచ్చునని హెచ్చరించిరి. వారి కష్టము న్యాయమైనదే: కాలుచున్న లిథియముపై నీరు పోసిన హైడ్రోజను పుట్టును; బొగ్గుపులుసు గాలి దానికి ఆహారమే యగును; ఇసుకలోని సిలికాతో సయితము అది రసాయన కలహము పెట్టుకొనును. పొడి గ్రాఫైటు, రాగి పొడులవంటివి మాత్రమే దానిని కప్పి అణచగలవు. విటింగ్‌హాం లిథియములో అల్యూమినియము కలిపి ఉద్ధతిని కొంత తగ్గించెను. అయినను, కెనడాలో మోలీ ఎనర్జీ యను సంస్థ లిథియము లోహముతో చేసిన బ్యాటరీలు 1989లో జపానునందు టెలిఫోనులలో అంటుకొనగా, వానిని వెనుకకు తెప్పింపవలసివచ్చెను.

మార్గము మఱియొక దిక్కున తెరచుకొన్నది. ఆక్స్‌ఫర్డునందు గుడెనఫ్ 1980లో లిథియము కోబాల్టు ఆక్సైడును చూపెను; జపానులో అసాహీ కాసేయ్ సంస్థయందు అకీరా యోషినో 1985లో దానిని ధనధ్రువముగ గైకొని, ఋణధ్రువమున లోహమునే పరిహరించి, పెట్రోలియపు కోకు పొరలనడుమ లిథియము అయానులకు తావు కల్పించెను. మఱుసటి యేట ఆయన ప్రేలుడు పదార్థములను పరీక్షించు స్థలము నెరవు దీసికొని, తన ఘటముపై పెద్ద ఇనుపదిమ్మెను జారవిడిచెను, ఏమియు కాలేదు. లిథియము లోహముగల ఘటముపై అదే దిమ్మె పడగా భీకరమైన ప్రేలుడు కలిగినది. ఐదేండ్లకు, 1991లో, సోనీ సంస్థ లిథియము అయాను బ్యాటరీని అంగడికి తెచ్చెను. విటింగ్‌హాం, గుడెనఫ్, యోషినోలకు 2019లో నోబెల్ పురస్కారము లభించినపుడు అందఱును ఘటపు శక్తినే కొనియాడిరి గాని, నాకు మాత్రము ఆ ఇనుపదిమ్మెయే ముందుగ స్మరణకు వచ్చినది.

లోహము తొలగినను ప్రమాదము రూపు మార్చుకొన్నదే గాని పోలేదు. వేడెక్కిన కోబాల్టు ఆక్సైడు తనలోని ఆమ్లజనిని తానే విడుచును గనుక, కప్పి గాలి నాపినంత మాత్రమున ఘటము చల్లాఱదు. ఇచట పుష్కలమైన నీరే ఔషధము. లోహపు మంటకు విషమైన నీరు దీనికి ప్రాణరక్షకమగుట తెలియక, పేరొకటే యని ప్రమాదవశమున ఒకదాని చికిత్స మఱియొకదానికి చేయువారిని తలచినపుడు నా మనస్సు కలత జెందును. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదున, ఒక హోటలు క్రింది భాగమందలి విద్యుత్ స్కూటర్ల దుకాణమున పుట్టిన మంటల పొగ మెట్లవెంట పైకెక్కి ఎనిమిదిమందిని బలిగొన్నది. మనుష్యులు నిద్రించు చోటి క్రింద ఘటములను కుప్పపోయరాదను నియమమునకు అంతకు మించిన సాక్ష్యము మన కక్కఱలేదు.

అందుకే ప్రయోగశాలలో ఘటమును నిండు చార్జితోగాని, పూర్తిగ వట్టిదిగగాని దాచరు: నిండినది వేడికి త్వరగా లొంగును, వట్టిదైనచో లోని రాగిరేకు కరగి, మరల చార్జి చేయునపుడు పేరి షార్టునకు దారితీయును. సగము చార్జితో, ధ్రువములకు టేపు అంటించి, చల్లని పొడి చోట, కాలు వస్తువులకు దూరముగ నుంతురు. ఉబ్బిన ఘటమును బీరువాలో నుంచక ఆరుబయటకు చేర్తురు. 2016 ఏప్రిలు నుండి విమానములలో విడి సరకుగ పంపు అయాను బ్యాటరీల చార్జి 30 శాతమునకు మించరాదని అంతర్జాతీయ నిబంధన. ప్రయాణికుల విమానములలో నట్టి సరకు నిషిద్ధము.

బహిష్కరింపబడిన లోహము ఇప్పటికిని అప్పుడప్పుడు తిరిగి వచ్చును. గడ్డకట్టు చలిలోనో, మితిమీరిన వేగముతోనో చార్జి చేసినచో లిథియము ఋణధ్రువపు గ్రాఫైటు పొరలలో చొరలేక పైననే లోహమై పేరును. కావున, పాడైన ఘటమును విప్పిచూచువారు ముందు దాని చార్జిని వెడలించి, మరల ఆర్గాను పెట్టెలోనికే గొనిపోవుదురు. చార్జి మిగిలియున్న గ్రాఫైటు అచట మేలిమి బంగారపు వన్నెతో మెఱయును. ఆ బంగారముమీద బూడిదవన్నె మచ్చ కనబడిన తావున, లోహము తిరిగివచ్చి కూర్చున్నదని వారు గుర్తింతురు.