చూపు మాటలు: ఇంగ్లీషు నుడికారాల వెనుక చరిత్ర

చాలా ఏళ్ళ క్రితం ఆత్మకూరు నుంచి కాంటాక్టు తరగతులకు వచ్చిన ఒక విద్యార్థి అనువాద అభ్యాసంలో 'అధికారి గుడ్డికన్ను తిప్పాడు' అని రాశాడు. తరగతి నవ్వింది. 'టర్న్ ఎ బ్లైండ్ ఐ' అనే ఇంగ్లీషు నుడికారాన్ని అతడు మాటకు మాట తెలుగు చేశాడు, అంతే. దాని వెనుక కథ ఆ రోజు నేనూ చెప్పలేదు.

బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్‌కు 1794లో కోర్సికా దీవిలోని కాల్వీ ముట్టడిలో కుడికంటి చూపు పోయింది. 1801 ఏప్రిల్ 2న కోపెన్‌హాగన్ యుద్ధం జరుగుతుండగా పై అధికారి హైడ్ పార్కర్ పోరు ఆపమని జెండాలతో సంకేతం ఇచ్చాడు. నెల్సన్ దుర్భిణిని చూపులేని కంటికి ఆనించి, తనకు సంకేతమేదీ కనిపించడం లేదన్నాడట. పోరు ఆపలేదు, గెలిచాడు. ఈ కథను తర్వాతివాళ్ళు పెంచి చెప్పారనే చరిత్రకారులూ ఉన్నారు. ఏమైనా, ఆ నుడికారం ఈ కథతోనే ముడిపడిపోయింది. తెలుగులో దీన్ని 'చూసీ చూడనట్లు ఊరుకోవడం' అంటాం.

'క్లోజ్ వన్స్ ఐస్' దగ్గర మరింత జాగ్రత్త అవసరం. అన్యాయం జరుగుతుంటే అధికారి 'కళ్ళు మూసుకున్నాడు' అనవచ్చు. 'కన్నుమూశాడు' అన్నారంటే మనిషి పోయినట్లే! అలాగే 'కీప్ యాన్ ఐ' అంటే 'ఒక కన్నేసి ఉంచు'. ఒట్టి 'కన్నేశాడు' అంటే ఆశపడ్డాడని అర్థం.

కనిపెట్టి ఉండటానికి మనకు 'నిఘా' అనే మాట కూడా ఉంది. ఆత్మకూరు ఒకప్పుడు నిజాం రాజ్యంలోని అమరచింత సంస్థానానికి కేంద్రం. ఆ రాజ్యంలో మొదట పారసీ, తర్వాత ఉర్దూ పాలనా భాషలు. పారసీలో 'నిగాహ్' అంటే చూపు. అదే మన నోట 'నిఘా' అయింది. అంతకు ఎంతో ముందే సంస్కృత 'దృష్టి' మన ఇళ్ళలో 'దిష్టి'గా మారి పసిపిల్లల బుగ్గ మీద చుక్క పెట్టించింది. పరభాషల చూపు మాటలు మనకు కొత్తవేమీ కావు.

ఇక 'ది ఆపిల్ ఆఫ్ వన్స్ ఐ'లో పండు లేదు. పాత ఇంగ్లీషులో అది కంటి నడిమి నల్లని గుండ్రానికి పేరు. తెలుగు బైబిలు అనువాదకులు 'కనుపాప' అన్నారు. పాప ఎందుకు? ఎదుటివారి కంట్లోకి చూడండి, మీ రూపం బుల్లి బొమ్మలా కనిపిస్తుంది. లాటిన్‌లో 'పుపిల్ల' అంటే చిన్నపిల్ల, కనుపాప కూడా. చైనీయులు కనుపాపకు రాసే అక్షరంలో కన్ను గుర్తు పక్కన పిల్లవాడి గుర్తు ఉంటుంది.

మరుసటి సంవత్సరం పాఠాన్ని కనుపాపతోనే మొదలుపెట్టాను. ఆత్మకూరు విద్యార్థి మాత్రం మళ్ళీ తరగతికి రాలేదు.