విషాదరోగము - మన ఊరి మందు
తీవ్ర విషాదరోగమునకు మాత్రల చికిత్స బహు ప్రాచీనము కాదు. ఇమిప్రమిన్ గుణమును స్విస్ వైద్యుడు రోలాండ్ కూన్ 1957లో ప్రకటించెను. ఫ్లూఓక్సెటిన్‌కు అమెరికాలో 1987లో అనుమతి లభించినది. దాని సామాన్య మోతాదు 20 మిల్లీగ్రాములు. రోగము లొంగనిచో వైద్యులు 80 వరకు పోవుదురు.

ఈ చరిత్రలో మన వంతును మేము తార్నాకనుండి ఎంచుదుము. మాణికేశ్వర్ నగర్ పొరుగుననున్న ఐ.ఐ.సి.టి., 1944లో పుట్టిన పరిశోధనశాల, ఔషధ నిర్మాణ పద్ధతులను మన పరిశ్రమలకు అందించినది. 1970 నాటి చట్టము మందుపై గాక తయారీ పద్ధతిపైననే పేటెంటు నిచ్చుటచే, 2005 వరకు కొత్త పద్ధతి కనుగొన్నవారికి దారి తెరచియుండెను.

2001 ఆగస్టులో హైదరాబాదు వారి డాక్టర్ రెడ్డీస్ సంస్థ ఫ్లూఓక్సెటిన్ గుళికను జెనెరిక్‌గా అమెరికాలో విడుదల చేసినది. అది 40 మిల్లీగ్రాములది, అనగా రెట్టింపు మోతాదు! ఏండ్ల తరబడి అంత మందు మింగువారికి వెల చిన్న విషయమా? కొనలేక ఇట్టి మందులను హఠాత్తుగా మానినచో తలతిరుగుడు, నిద్రలేమి కలుగవచ్చును, రోగమే తిరుగబెట్టవచ్చును. మాన్పింపవలసినపుడు సైతము వైద్యులు మోతాదును మెల్లమెల్లగా, ఒక్కొక్కప్పుడు మాసముల తరబడి, దింపుదురు.