మాల్టా: రాతి దీవిలో ఒక భాష

మధ్యధరా సముద్రంలో సిసిలీకి దక్షిణాన ఉన్న మాల్టా వైశాల్యం 316 చదరపు కిలోమీటర్లు మాత్రమే. 1565 నాటి తురుష్కుల ముట్టడిని తట్టుకున్న వీరయోధులు ఆ మరుసటి ఏడు పునాది వేసిన వలెట్టా నగరమే యాత్రికుని మొదట ఆకర్షిస్తుంది. అక్కడి సెయింట్ జాన్ దేవాలయంలో 1608 నాటి యోహాను శిరచ్ఛేద చిత్రం ఉన్నది. నేలపై ఒలికిన రక్తంలోనే కరవాజ్జో తన పేరు వ్రాసుకున్నాడు.

అయితే ఈ దీవిలో రాతికంటె గట్టిగా నిలిచినది భాషయే అనిపిస్తుంది. అరబ్బుల కాలంలో వేళ్ళూనిన ఆ పలుకు, సిసిలీ, ఇటలీ మాటలను ఇముడ్చుకుంటూనే తన ధాతువులను కాపాడుకున్నది. కాథలిక్కులైన మాల్టా ప్రజలు నేటికీ దేవుణ్ణి 'అల్లా' అనే పిలుస్తారు. ఈస్టరుకు ముందరి ఉపవాస దినాలు వారికి 'రన్డాన్', అనగా మన మెరిగిన రంజాన్ మాటయే. వ్రాత మాత్రం రోమన్ లిపిలో.

శతాబ్దాలపాటు న్యాయస్థానాలలో ఇటాలియన్‌దే పెత్తనం. మాల్టీస్ వంటింటికీ పొలానికీ పరిమితం. 15వ శతాబ్దిలో పియెత్రు కషారు రచించిన 'కాంటిలేనా' 1966లో గాని బయటపడలేదు, అదీ ఒక నోటరీ దస్తావేజుల పుస్తకంలో! 1934లో ఇటాలియన్‌ను తొలగించి, ఇంగ్లీషుతోపాటు మాల్టీస్‌కు అధికార ప్రతిపత్తి ఇచ్చారు. బ్రిటిష్ పాలకులను అందుకు పురికొల్పినది ఈ భాషపై ప్రేమకన్న ముసోలినీ ఇటలీ పట్ల శంకయే. 1964లో స్వాతంత్ర్యం వచ్చింది. 2004లో మాల్టీస్ ఐరోపా సమాఖ్య అధికార భాషలలో చేరింది. వలెట్టా న్యాయస్థానాలలో నేడు వాదనలు ఆ వంటింటి భాషలోనే సాగుతున్నాయి.