ఉద్యోగమూ ఇల్లూ ఒకే చేతిలో: సర్ టైటస్ సాల్ట్ కథ

ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ నుంచి 1859లో పార్లమెంటుకు ఎన్నికైన టైటస్ సాల్ట్ అక్కడ రెండేళ్ళు కూర్చున్నాడు. చెప్పుకోదగ్గ ప్రసంగం ఒక్కటీ చేయలేదు. ఆరోగ్యం బాగాలేదంటూ 1861లో రాజీనామా చేసి ఇంటికి వచ్చేశాడు. చట్టసభలో నోరు విప్పని ఈ మనిషి మాట, ఆయన సొంత ఊళ్ళో మాత్రం చట్టమే.

1803లో యార్క్‌షైర్‌లోని మోర్లీలో పుట్టాడు. తండ్రితో కలిసి ఉన్ని వ్యాపారంలో దిగాడు. 1830లలో లివర్‌పూల్ గోదాములో ఎవరికీ పట్టని పెరూ దేశపు అల్పాకా ఉన్ని బేళ్ళు ఆయన కంటబడ్డాయి. అంతకుముందు దాన్ని నేయాలని చూసినవారు లేకపోలేదు, కానీ గిట్టుబాటు చేసి చూపించింది సాల్టే. నూలు పడుగులో అల్పాకా పేక వేస్తే పట్టులా మెరిసే బట్ట వచ్చింది. ఆడవాళ్ళ గౌన్లకు దానిమీద మోజు పెరిగింది. విక్టోరియా రాణి సైతం విండ్సర్‌లో పెంచుతున్న తన అల్పాకాల ఉన్నిని నేయించి ఇమ్మని ఆయన దగ్గరికే పంపింది. లివర్‌పూల్ బేళ్ళ కథను చార్లెస్ డికెన్స్ తన పత్రికలో హాస్యం దట్టించి అచ్చేశాడు.

డబ్బుతోపాటు పదవీ వచ్చింది. 1848లో సాల్ట్ బ్రాడ్‌ఫర్డ్ మేయరయ్యాడు. మిల్లుల పొగతో నల్లబడిన ఊరది. ఆ ఏడే, కార్మికులకు ఓటు హక్కు కోరిన చార్టిస్టుల అల్లర్లు చెలరేగాయి, మరుసటి ఏడు కలరా వందల మందిని పొట్టన పెట్టుకుంది. సాల్ట్ తన మిల్లు గొట్టాలకు పొగ తగ్గించే పరికరాలు పెట్టించాడు. మీరూ పెట్టండని తోటి మిల్లు యజమానులకు చెప్పి చూశాడు, వాళ్ళు వినలేదు. ఊరిని మార్చలేక, తానే ఇంకో ఊరు కట్టుకున్నాడు.

బ్రాడ్‌ఫర్డ్‌కు కొద్ది మైళ్ళ దూరంలో, ఎయిర్ నది ఒడ్డున, కాలువా రైలుమార్గమూ పక్కపక్కనే పోయే చోట భూమి కొన్నాడు. లాక్‌వుడ్, మాసన్ అనే వాస్తుశిల్పులు 545 అడుగుల పొడవున మిల్లు లేపారు. 1853 సెప్టెంబరు 20న, సరిగ్గా ఆయన యాభయ్యో పుట్టినరోజున, ప్రారంభోత్సవం. ఉన్ని దువ్వే షెడ్డులో బల్లలు వేసి వేల మందికి విందు పెట్టారు. తన పేరుకు నది పేరు కలిపి ఊరికి సాల్టేర్ అని పెట్టాడు. వీధులకు భార్య కరోలైన్ పేరు, పిల్లల పేర్లు పెట్టాడు.

కార్మికులకు అద్దెకిచ్చేందుకు ఎనిమిది వందలకు పైగా రాతి ఇళ్ళు, ఇంకా బడి, ఆసుపత్రి, స్నానశాల, బట్టలు ఉతుక్కునే చోటు, చర్చి, పార్కు, అన్నీ కట్టించాడు. బ్రాడ్‌ఫర్డ్ మురికివాడల నుంచి వచ్చిన నేత కార్మికుడికి అది నిజంగానే స్వర్గం. పబ్బు మాత్రం పెట్టనివ్వలేదు. దానికి బదులు 1870లలో గ్రంథాలయమూ బిలియర్డ్స్ గదీ ఉన్న క్లబ్బు కట్టించాడు. 45 ముసలివాళ్ళ ఇళ్ళూ కట్టించి, పింఛనూ ఇచ్చాడు. అయితే అవి దక్కాలంటే మంచి నడవడి ఉండాలన్న షరతుంది.

ఆయన దాతృత్వాన్ని మెచ్చుకునేవాళ్ళు ఈ షరతును దాటేస్తారు. జీతమిచ్చేదీ అద్దె వసూలు చేసేదీ ఒకరే అయినప్పుడు కార్మికుడు ఎదురుతిరిగి ఎక్కడికి పోతాడు? కూలి పోతే కొంపా పోతుంది. సాల్ట్ దుర్మార్గుడని కాదు. ఆ రోజుల్లో అంతకన్నా మంచి యజమాని దొరకడం కష్టం. కానీ ఆ మంచితనం ఆయన ఇష్టం, కార్మికుడి హక్కు కాదు.

తమాషా ఏమిటంటే, ఊరంతటికీ ఇంటి యజమాని అయిన సాల్ట్ తాను మాత్రం చాలాకాలం అద్దె బంగళాల్లోనే ఉన్నాడు. క్రో నెస్ట్ అనే భవనాన్ని 1858లో ఖాళీ చేయాల్సి వచ్చింది. దాన్నే 1867లో కొనుక్కుని మళ్ళీ చేరాడు. 1869లో బారొనెట్ బిరుదు వచ్చింది.

1876 డిసెంబరులో ఆయన చనిపోతే బ్రాడ్‌ఫర్డ్ వీధుల్లో లక్ష మంది నిలబడ్డారని అంచనా. బతికుండగా దానధర్మాలకు చాలా ఖర్చు పెట్టాడు, వారసులకు మిగిలింది అనుకున్నంత లేదు. 1890ల మొదట్లో కంపెనీ దివాలా తీసింది. మిల్లునూ ఊరినీ కలిపి వేరే వ్యాపారులు కొన్నారు. 1933లో ఇళ్ళను విడిగా ఒక ఆస్తుల సంస్థకు అమ్మేశారు. సాల్టేర్‌లో జీతమిచ్చే చేయీ అద్దె పుచ్చుకునే చేయీ వేరైంది అప్పుడే.