కాగితం బూర, రేకు బూర, పాత గొంతులు

రెండేళ్ళ కిందట నాటక పద్యాల గురించి ఒక సమీక్ష రాస్తూ తొందరపడి ఒక మాట అనేశాను: పాతతరం రంగస్థల నటులు పద్యం పాడలేదు, అరిచారు అని. యూట్యూబులో దొరికిన నాలుగైదు గ్రామఫోను రికార్డులు విని చేసిన తీర్పు అది. చదివినవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. మా చిన్నాయన మాత్రం ఫోన్ చేసి, "నువ్వు ఇన్నది మనిషి గొంతేనా అబ్బీ, బూర గొంతా?" అని అడిగి పెట్టేశాడు.

చిన్నాయన ఉండేది విడపనకల్లులో, గుంతకల్లు నుంచి బళ్ళారి పోయే దారిలో. నల్లరేగడి నేల, వాన పడితే పంట, లేకపోతే లేదు. పండగలకు ఊళ్ళో ఆడే నాటకాల్లో ఆయన కృష్ణుడు. ఈ ప్రాంతానికి నాటకం పిచ్చి పట్టించింది బళ్ళారే. 1882లో అనంతపురం జిల్లాను విడదీసింది బళ్ళారి జిల్లా నుంచే. తెలుగు నాటకంలోకి పాటలూ పద్యాలూ తెచ్చిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) సరసవినోదినీ సభను నడిపింది బళ్ళారిలోనే. ఆయన మేనల్లుడు, తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ (1880–1946), అందుకు ఎదురుగా నడిచి, రాగాలు తగ్గించి మాటకూ సహజమైన నటనకూ పెద్దపీట వేశాడు. ఇద్దరూ మైకు అక్కర్లేకుండా వేదిక ఎక్కినవాళ్ళే.

చిన్నాయన ప్రశ్న నన్ను వదల్లేదు. 1925కు ముందు రికార్డింగులో కరెంటు లేదు. గాయకుడు ఒక పెద్ద బూర నోట్లోకి పాడేవాడు. బూర సన్నని కొసన పల్చటి పొర, దానికి సూది. ఆ సూది తిరుగుతున్న మైనపు పళ్ళెం మీద గీత గీసేది. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ ఫ్రెడ్ గైస్‌బర్గ్ ముందు పాడింది ఇలాంటి బూరలోకే. వినేటప్పుడు అదే పని తిరగేసి జరిగేది. అంటే ఆ రికార్డు మన దాకా వచ్చేలోపు గొంతు రెండు బూరలు దాటింది. బూర ఏం చేస్తుందో తెలియకుండా గొంతు ఎలా ఉండేదో చెప్పలేను. సరే, ఒకటి చేసి చూద్దామనుకున్నాను.

బూర శబ్దాన్ని పుట్టించదు. చిన్న పొర ఎంత కొట్టుకున్నా దాని శక్తి గాలికి ఎక్కదు, ఎందుకంటే పొర గట్టిది, గాలి మరీ తేలిక. గేరు కుదరని సైకిల్లాగా, కాళ్ళు ఆడతాయి, బండి కదలదు. బూర ఆ గేరు. సన్నని చోట ఒత్తిడి ఎక్కువ, కదలిక తక్కువ. వెడల్పయ్యేకొద్దీ ఒత్తిడి తగ్గి కదలిక పెరుగుతుంది. దీని లెక్కను ఆర్థర్ గోర్డన్ వెబ్‌స్టర్ 1919లో అచ్చువేశాడు. అప్పటికి గ్రామఫోను బూరలు అమ్మకానికొచ్చి ఇరవై ఏళ్ళు. వస్తువు ముందు, సిద్ధాంతం తర్వాత.

ఆ లెక్క ప్రకారం 200 హెర్ట్జ్ నుంచి పైకి బాగా పలికే బూర కావాలంటే దాని అడ్డుకోత వైశాల్యం ప్రతి 9.5 సెంటీమీటర్లకూ రెట్టింపవాలి. మూతి చుట్టుకొలత ఆ ధ్వని తరంగం పొడవంత, అంటే సుమారు 1.7 మీటర్లు ఉండాలి. రెండున్నర సెంటీమీటర్ల గొంతుతో మొదలుపెడితే 85 సెంటీమీటర్ల పొడవు, 55 సెంటీమీటర్ల మూతి. ఎక్సెల్‌లో ఐదు నిమిషాల పని, చేతుల్తో మూడు వారాలు.

సంక్రాంతి సెలవులకు ఊరికి పోయి మొదలుపెట్టాను. మొదటిది కాగితం బూర. చార్టు ముక్కల్ని పూరేకుల్లా ఎనిమిది కత్తిరించి అంటించి, పైన పాత న్యూస్‌పేపర్లు పొరలు పొరలుగా. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపమని చిన్నమ్మ చెప్పింది. నవ్వకండి. 1920, 30లలో లండన్‌లో ఈఎంజీ అనే చిన్న కంపెనీ చేతితో చేసి అమ్మిన ఖరీదైన గ్రామఫోన్ల బూరలు కాగితపు గుజ్జువే, రెండడుగులు దాటిన మూతితో. ఇప్పటికీ వాటికోసం వెతికేవాళ్ళున్నారు.

రెండోది రేకు బూర. నూనె డబ్బాలు కోసి అదే కొలతకు వంచి, టంకం పెట్టించాను. మూడోది ఎండిపోయిన బోరు దగ్గర పడివున్న పీవీసీ పైపు, చివర ప్లాస్టిక్ గరాటు. మా వైపు బోర్లు ఎండడానికి కొదవ లేదు కాబట్టి పైపులకూ కొదవ లేదు.

మూడింటి గొంతులోనూ ఒకే చిన్న స్పీకరు పెట్టి ఒకే పద్యం వినిపించాను. పైపు ఓడిపోయింది. ఎక్కడా క్రమంగా విచ్చుకోని గొట్టం కాబట్టి కొన్ని స్వరాల దగ్గర ఊళేసింది, కొన్నింటి దగ్గర మూగబోయింది. కాగితం శుభ్రంగా పలికింది. రేకు ఇంకా గట్టిగా ఉన్నట్టనిపించింది గానీ ప్రతి మాటకూ వెనక "గణ్" అని తోక. రేకు తనూ మోగుతోందన్నమాట. గోనెపట్టా తడిపి చుట్టూ బిగించి కట్టాను. తోక పోయింది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని వింటే కాగితమేదో రేకేదో చిన్నాయన కనిపెట్టలేకపోయాడు, నేనూ అంతే. ఇత్తడా, చెక్కా, కాగితమా అని వందేళ్ళుగా వాదించుకుంటున్నారు గానీ, గోడ తాను కదలకుండా ఉంటే చాలు, మిగిలినదంతా ఆకారం చూసుకుంటుంది.

అసలు పరీక్ష తర్వాతిది. స్పీకరు తీసేసి, కాగితం బూర గొంతులో ఫోను మైకు పెట్టాను. చిన్నాయనను మూతి ముందు నిలబెట్టి, వేదిక మీద పాడినట్టే పాడమన్నాను.

రాగం మెల్లగా ఎత్తుకున్న చోట దాదాపు ఏమీ పడలేదు. పైస్థాయికి వెళ్ళేసరికి పగిలిపోయింది. ఆ కాలపు స్టూడియోల్లో పైస్వరం రాగానే గాయకుణ్ణి వెనక్కి జరిపేవారని చదివాను. నేనూ భుజం పట్టి లాగాల్సి వచ్చింది. మగవాళ్ళ గొంతు ఆధార ధ్వని 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది. నా బూర 200 కింద వదిలేసింది. అప్పటి రికార్డుల్లో సుమారు 250 కిందా, 2500 పైనా పెద్దగా మిగలదు. నిండుదనం కింద పోయింది, సకార శకారాల స్పష్టత పైన పోయింది. మిగిలింది ముక్కుతో అరుస్తున్న నడిమి ముక్క.

రికార్డింగు విని చిన్నాయన, "నా గొంతు పట్టుకుని పిండినట్టుంది అబ్బీ" అన్నాడు. నాకు మాత్రం అచ్చం నేను సమీక్షలో వెక్కిరించిన గొంతులా వినిపించింది.

ఇంకో సంగతి, నిడివి. పది అంగుళాల పళ్ళెంలో పట్టేది మూడు నిమిషాలు. వేదిక మీద వన్స్ మోర్‌లతో సాగే పద్యాన్ని ఆ మూడు నిమిషాల్లోకి తొక్కాలి, అదీ సమానమైన బిగ్గరతనంతో. గుసగుసకూ నిట్టూర్పుకూ విరామానికీ అక్కడ చోటు లేదు. రాఘవ నమ్ముకున్నది సరిగ్గా వాటినే. ఆయన గొంతు వినాలనుకుంటే 1939 నాటి 'రైతుబిడ్డ' సినిమా ఉంది, అప్పటికి మైకు వచ్చేసింది. మైకుకు ముందున్న ఆయన యవ్వనపు గొంతును ఏ బూరా న్యాయంగా పట్టి ఉండేది కాదు. అంటే బూర అందరికీ ఒకేలా అన్యాయం చెయ్యలేదు. గట్టిగా పాడేవాళ్ళను వంకరగానైనా దాచిపెట్టింది, మెల్లగా మాట్లాడేవాళ్ళను వదిలేసింది. మన నాటక చరిత్రను రికార్డులు విని రాసేవాళ్ళం ఆ తేడాను తీసేసుకుని వినాలి.

పాతవాళ్ళంతా గొప్పగా పాడారని దీనర్థం కాదు. అరిచినవాళ్ళూ ఉండే ఉంటారు. కానీ ఎవరు అరిచారో చెప్పడానికి నా దగ్గరున్న సాక్ష్యం సరిపోదు. ఆ సమీక్షలో ఆ వాక్యం తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను.

బూరలు విడపనకల్లులోనే ఉన్నాయి. రేకుదాన్ని చిన్నాయన శనగ చేలో పందుల్ని అదిలించడానికి వాడుతున్నాడు, గోనెపట్టా ఊడదీసి. గణ్ అంటేనే అవి పారిపోతాయట.