యానాము: మూడు తేదీల స్వాతంత్ర్యము

1947 ఆగస్టు 15వ తేదీన భారతదేశము స్వతంత్రమయ్యెను. కాని కాకినాడకు సమీపమున, గోదావరీ తీరమునందలి యానాములో నాడు ఫ్రెంచి పతాకమే యెగురుచుండెను. చుట్టుపట్ల గ్రామములవారి భాషయు, యానాము వారి భాషయు తెలుగే. అయినను ఎల్లకు ఆవల స్వరాజ్యము, ఈవల పరపాలనము. స్వాతంత్ర్యదినమునకు పౌరుని జీవితమున గల అర్థమేమని విచారించువారికి ఈ చిన్న పట్టణపు చరిత్ర మిగుల ఉపకరించును.

1954 జూన్ 13వ తేదీన దడాల రఫేల్ రమణయ్య నాయకత్వమున స్వచ్ఛంద సేవకులు యానామును స్వాధీనము చేసికొనిరి. ఆ సంవత్సరమే అక్టోబరు 18న పుదుచ్చేరి చెంతనున్న కీళూరులో సమావేశమైన 178 మంది ప్రజాప్రతినిధులలో 170 మంది విలీనమునకు సమ్మతించిరి. 8 మంది వ్యతిరేకించిరి. నవంబరు 1న పాలన భారతదేశమునకు సంక్రమించెను. చట్టరీత్యా అధికారము మాత్రము అప్పటికి మారలేదు. 1956 మే 28న సంధిపత్రముపై సంతకములు జరిగినను, అది అమలులోనికి వచ్చినది 1962 ఆగస్టు 16వ తేదీననే. కనుక యానాము వారికి ఆగస్టు 15, ఆగస్టు 16, నవంబరు 1 మూడును పండుగ దినములే.

ఆ సంధిలోని రెండు నియమములు గమనింపదగినవి. అచ్చట జన్మించి అచ్చటనే నివసించు ఫ్రెంచి జాతీయులు భారత పౌరులగుదురు. ఫ్రెంచి పౌరసత్వమునే నిలుపుకొనగోరువారు ఆరు మాసములలో వ్రాతమూలముగా తెలుపవలెను. ఇది మొదటిది. ఆ ప్రాంతముల ప్రత్యేక పరిపాలనా స్థితిని మార్చదలచినచో ముందుగా ప్రజాభీష్టమును తెలిసికొనవలెను. ఇది రెండవది. యానాము నేటికిని పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిదే. తమిళము ప్రధానమైన ఆ ప్రాంతమున 1965 నాటి అధికారభాషా చట్టము యానామునందు తెలుగు వాడుకకు చోటొసగినది.

మనలో పెక్కుమందికి పౌరసత్వము పుట్టుకతోనే లభించినది. మన సమ్మతిని ఎవరును అడుగలేదు. యానామునందలి ఫ్రెంచి జాతీయులను మాత్రము చట్టము అడిగినది. పత్రము దాఖలు చేయనివారు సైతము తమ మౌనముచేత సమాధానమిచ్చిరి. ఆ ప్రశ్నను ఏటేట మనకు మనమే వేసికొనుటయే స్వాతంత్ర్యదినమున మనము చేయవలసిన పని. పరరాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి అందు మరియొక ప్రశ్నయు కలదు: మన భాషకు మనము కోరు గౌరవమును, మన నడుమనున్న అన్యభాషల వారికి మనమొసగుచున్నామా? జెండావందనము నిమిషములలో ముగియును. ఈ సమాధానమునకు మాత్రము సంవత్సరమంతయు కావలెను.